ఆరు పట్టీల జంపఖానా

కుక్కా పిల్లీ తిరిగే ఇంట్లో ఉతకడానికి వీల్లేని గుడ్డ నేల మీద పరవకూడదు. ఉతకడానికి వీలుంటే కూడా చాలదు. ఇంకొకరి సాయం లేకుండా ఒక్క ఆడమనిషి ఉతికి, పిండి, ఆరేసుకోగలిగినదై ఉండాలి. ఎవరడిగినా ఈ మాట తడుముకోకుండా చెబుతాను. క్రైస్తవ మిషను బడిలో నేను చదివింది మూడో తరగతి దాకానే. ఇది బడిలో చెప్పిన సంగతి కాదు, యుద్ధం రోజుల్లో మా అత్తగారి కుక్క కోసం నేను తేల్చుకున్న సంగతి.

మాది నకరికల్లు వైపు పల్లె. మా ఆయన మిషను బడిలో పంతులు. ఇంట్లో ఆయనా, నేనూ, మా అత్తగారూ, ఒక కుక్కా, ఒక పిల్లీ. ఇల్లంతా నాపరాళ్లు పరిచిన నేల. వేసవిలో ఆ రాయి మీద పడుకుంటే ప్రాణం లేచొస్తుంది గానీ, మోకాళ్లూని ప్రార్థన చేసే ముసలివాళ్లకు దానంత శత్రువు లేదు. మా అత్తగారు పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి మోకరించేవారు. లేచేటప్పుడు ఆమె మోకాళ్లు చేసే చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినపడేది. అందుకని నేల మీద ఏదో ఒకటి పరిచి ఉంచక తప్పేది కాదు.

ఆమెకు అప్పటికే రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుతురూ నీడా తప్ప మరేమీ తెలిసేది కాదు. ఆమె చూపంతా ఆ కుక్కే. గోధుమరంగు ఊరకుక్క. మెడకు పాత చీర పేలిక కట్టి, దాని కొస పట్టుకుని ఆమె నడిచేవారు. రాయి ఉంటే అది ఆగేది, గుంట ఉంటే పక్కకు తిరిగేది. ఎవరూ నేర్పలేదు. ఊళ్లో ఆడవాళ్లు బయటికి వెళ్లే చోటు వాగు అవతల, కంపచెట్ల చాటున. రోజుకు రెండు మూడుసార్లు ఆమె అక్కడికి ఒక్కరే వెళ్లి వచ్చేవారు. "నన్నెవరూ మోయక్కర్లేదు" అన్న పొగరు ఆమె నడకలో ఉండేది. ఆ పొగరు నాకు నచ్చేది.

కుక్క ఆమె పక్కనే పడుకునేది. ఆమె మోకరిస్తే అదీ పక్కన ముడుచుకునేది. అంటే నేల మీద పరిచిన దాని మీద కుక్క ఉండి తీరుతుంది. పిల్లి సంగతి చెప్పక్కర్లేదు, మెత్తనిది ఎక్కడుంటే అక్కడే దాని కాపురం.

గొడవ ముసురు రోజుల్లో మొదలైంది. మా సంఘంలో గురువారం ప్రార్థన ఇంటికో వారం జరుగుతుంది. మా వంతు నాలుగు నెలలకోసారి వస్తుంది. ఆ రోజు మా ఇంట్లో గొంగళీ, దాని పక్కన రెండు తుంగచాపలూ పరిచాను. మూడు రోజులుగా వాన. కుక్క తడిసి వచ్చి ఆ గొంగళి మీదే ఆరింది. దులిపాను, విదిలించాను, ఎంత చేసినా గొంగళి గొంగళే. ప్రార్థనయ్యాక సంఘ పెద్దగారి భార్య, వరసకు మాకు పిన్ని, లేచి నిలబడింది. ఆమె తెల్లచీర వెనకంతా గోధుమరంగు వెంట్రుకలు.

"ఏందమ్మాయ్, ఈ గొంగళి మనుషులు కూర్చోడానికా, కుక్క పడుకోడానికా? ముందే చెబితే నేను రాతి మీదే కూర్చునేదాన్ని గదా," అన్నది.

ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన ముఖం మాడిపోయింది. బడిపంతులు గదా, ఊళ్లో పిల్లలకు శుభ్రం గురించి పాఠం చెప్పే మనిషి.

వాళ్లంతా వెళ్లాక ఆయన నాతో అన్నారు: "ఇంక చాలే. మా అక్కవాళ్ల మేకల దొడ్డికి కుక్క కావాలంటున్నారు. మళ్లీ మన వంతు ప్రార్థన కాగానే బావ బండి తోలుకొస్తాడు. దీన్ని ఈపూరు పంపిచ్చేద్దాం."

"పంపండి. మర్నాటి నుంచి అత్తను వాగు అవతలికి మీరు తీసకపోతారా? ఆడవాళ్లు పోయే చోటికి పంతులుగారు ఎట్టా పోతారో చూస్తా," అన్నాను.

నేనే మళ్లీ అన్నాను: "నాలుగు నెలలు టైమివ్వండి. మన వంతు నాడు ఒక్క చీరకు ఒక్క వెంట్రుక అంటినా, ఒక్కరు ముక్కు మూసుకున్నా, బండెక్కించేది నేనే."

లోపలి గదిలో మా అత్తగారు ఇదంతా వింటున్నారు. అన్నం తినేటప్పుడు మాత్రం, "నాకేంది, కర్ర పట్టుకుని పోతా," అన్నారు. ముద్ద కలుపుతున్నారు గానీ నోట్లో పెట్టుకోలేదు. కుక్క లేకపోతే ఆమె గడప దాటడం మానేస్తారని నాకు ఆ పూట అర్థమైంది. అప్పటి నుంచీ నేల మీద ఏం పరవాలన్నది నాకు గుడ్డల సంగతి కాకుండా పోయింది.

ఉన్నవాటిని ఒక్కొక్కటే పరీక్ష పెట్టాను. తుంగచాప మీద కుక్క రెండుసార్లు గుండ్రంగా తిరిగి పడుకుంటే చాలు, గోళ్లకు తుంగ లేచిపోతుంది. ముసలి కుక్క, ఎప్పుడైనా ఆపుకోలేక తడిపితే ఆ తడి పోగుల మధ్యకు దిగి లోపలే కుళ్లుతుంది. చాపను ఉతకలేం, తుడవగలం అంతే. గొంగళి తడిస్తే మూడు రోజులకు గానీ ఆరదు, ఆరినా కుక్క ఒంటి మీంచి పాకిన గోమార్లు దాన్ని వదలవు. బొంత ఉంది గానీ, అయిదారు పొరల పాత చీరలు కుట్టిన బొంత నీళ్లలో ముంచితే దూడంత బరువవుతుంది. ఇప్పుడంటే మా వైపు కాలవ వచ్చింది. అప్పుడు బావి నీళ్లే గతి, అదీ ఎండలు ముదిరితే అడుగు కనపడేది.

ఈలోగా మా ఆయన ఒక తివాచీ మోసుకొచ్చారు. నరసరావుపేటలో ఒక దొరసాని తన దేశం వెళ్లిపోతూ సామాను అమ్ముతోందట. నచ్చితే ఉంచుకోమని చూడ్డానికి ఇచ్చిందట. మెత్తటి ఉన్ని, మధ్యలో పెద్ద ఎర్రపువ్వు. పరిస్తే మా ఇల్లు మా ఇల్లులా లేదు.

"ఎట్టా ఉంది?" అన్నారాయన. తీసుకోవాలని ఆయన మనసు అప్పటికే ఖాయమైంది.

"బాగుంది. ఉతికేదెట్టా?"

"దీన్ని ఉతకరే. దులుపుతారంట."

"కుక్క తడిపితే దులుపుతామా?"

"అందుకేగా కుక్కను పంపేద్దామంటున్నది."

మేము మాట్లాడుతుండగానే పిల్లి వచ్చింది. ఎర్రపువ్వు నడిమధ్యకు వెళ్లి, ముందుకాళ్లు చాచి, ఒళ్లు విరుచుకుని, గోళ్లు దింపింది. చిర్రుమన్నది. వేలెడు పొడుగు దారం లేచింది. మా ఆయన "ఛీ పో!" అని పిల్లిని అదిలించి, ఆ దారాన్ని వేలితో లోపలికి తోస్తూ కూర్చున్నారు. అది తోసిన కొద్దీ ఇంకా లేచింది. మర్నాడు తివాచీ తిరిగి ఇచ్చి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పి వచ్చారు. మంచివారు, అబద్ధం చేతకాదు. దొరసాని నవ్వి, తన ఇంట్లో పిల్లి లేదు గనకే అది అన్నేళ్లు బతికిందని అన్నదట.

నూలు జంపఖానా ఒక్కటే మిగిలింది. కానీ యుద్ధం మూలంగా నూలు కంట్రోలు, బట్ట కంట్రోలు. కొత్తది దొరకదు, దొరికినా నిలువెత్తు జంపఖానా తడిపి పిండాలంటే ఇద్దరు కావాలి. నేను మగ్గం మామ దగ్గరికి వెళ్లాను. మా వీధి చివర గుంటమగ్గం పెట్టుకుని దుప్పట్లు నేసే ముసలాయన. నూలు రాక ఆయన మగ్గం సగం రోజులు ఊరికే ఉండేది.

"మామా, పడుగుకు నీ దగ్గరున్న పిసరు నూలు వెయ్యి. పేకకు పాత చీరలు చింపి పట్టుకొస్తా. జంపఖానా నేసిపెట్టు."

"పేలికలతో నేతేంది? నా మగ్గాన్ని బొంతలు కుట్టే సూది అనుకున్నావా?"

"ఊరికే కూర్చున్న మగ్గం కంటే పేలికలు నేసే మగ్గం నయం గాదా?"

"నోరు చూడు దీనిది," అన్నాడు గానీ, ఎంత వెడల్పు కావాలో అడిగాడు. అడిగాడంటే ఒప్పుకున్నట్టే.

నా లెక్క ఇదీ: ఒకటే పెద్దది వద్దు. మూరెడు వెడల్పున, ఆరు మూరల పొడుగున ఆరు పట్టీలు. వాటిని పక్కపక్కన పెట్టి పెద్ద పెద్ద కుట్లతో కలుపుతాను. ఏ పట్టీ మీద కుక్క తడిపినా, పిల్లి కక్కినా, ఆ పట్టీ కుట్లు లాగేసి దాన్నొక్కదాన్నే ఉతుకుతాను. రెండు బొక్కెనల నీళ్లు చాలు. పిండడానికి నా రెండు చేతులు చాలు. చిరిగితే ఆ ఒక్కటే మారుస్తాను.

"మురికి కనపడకుండా ముదురు రంగు చీరలే పట్రా," అన్నాడు మామ.

"వద్దు. కనపడని మురికిని ఎవరూ ఉతకరు. మురికి నాకు కనపడాలి."

మా అత్తగారి పాత తెల్లచీరలు, నావి నీలివి, అన్నీ చింపాం. ఆమే కూర్చుని చేతి తడుములాటతో పేలికలు చింపి, ముడులేసి, ఉండలు చుట్టారు. ఎందుకో ఆమెకు నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. కుక్క ఆ ఉండల మధ్యనే పడుకునేది. ఒక తెలుపు పట్టీ, ఒక నీలి పట్టీ, అలా ఆరు. మామ నేత గట్టిది. కుక్క గోరు దిగినా దారం లేవలేదు. పిల్లి వచ్చి చాచి లాగింది, దాని గోరే ఇరుక్కుని అది బెదిరి పారిపోయింది. ఉన్ని తివాచీ మీద వెంట్రుక లోపలికి దిగుతుంది, దీని మీద పైనే నిలుస్తుంది, తడిచేత్తో ఒక్క తుడుపు తుడిస్తే ఉండగా వచ్చేస్తుంది. రెండు నెలలు వాడి చూశాను. ఇంక నాకు అనుమానం లేదు.

మా వంతు వచ్చేసరికి మిరపకోతలు. కోటప్పకొండ తిరునాళ్లకు పోయే బండ్లు రేపిన దుమ్ము ఇంకా చెట్ల మీద ఉంది. ప్రార్థనకు ముందురోజు ఆరు పట్టీలూ విప్పి, చవుడు మన్ను పెట్టి ఉతికాను. ఎక్కడా మచ్చ లేదు. ఆరేయడానికి మా కళ్లంలోకి తీసుకుపోయాను. పేడతో అలికిన నేల, అద్దంలా ఉంది. అంతకు రెండు రోజుల ముందే ఎండుమిరపకాయలు ఎత్తి బస్తాల్లో తొక్కారు. చీపురుతో రెండుసార్లు ఊడ్చి, తడి పట్టీలు బారుగా పరిచాను. మా వైపు కళ్లంలో ఆరబెట్టనిదేముంది? జొన్నలూ అక్కడే, కందులూ అక్కడే, బట్టలూ అక్కడే. ఆ రోజుల్లో మా ఒళ్లంతా మిరపకోరే, ఆ కారపు దుమ్మే. చేతులు మండుతూనే ఉంటాయి, గాలిలో ఘాటు ఉండనే ఉంటుంది. కొత్తగా ఏం తెలుస్తుంది? ఆరిన పట్టీలు చుట్టి తెచ్చి, కుట్టి, గురువారం మధ్యాహ్నం పరిచాను.

మా అత్తగారు కుక్కతో వచ్చారు. అది జంపఖానా అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె పేలిక లాగారు. అది తుమ్మి, వెనక్కి తగ్గి, గడప దగ్గర కూర్చుంది.

"ఏందే ఇది రావడంలేదు?" అన్నారామె.

"దానికి ఇవాళ బుద్ధొచ్చింది లెండి," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. సంతోషించాను కూడా.

సాయంత్రం అందరూ వచ్చారు. పిన్ని కావాలనే తెల్లచీర కట్టుకొచ్చింది. కూర్చునే ముందు జంపఖానా మీద అరచెయ్యి రాసి చూసుకున్నది. ఏమీ అంటలేదు. మా ఆయన నావైపు చూశారు. నేను తల తిప్పుకున్నాను.

పాటయ్యింది. అందరం మోకరించి తలలు నేలకు వంచాం. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. కాసేపటికి ఒకరు దగ్గారు. ఇంకొకరు ముక్కు చీదారు. తర్వాత ఏడుపు లాంటి శబ్దం. పిన్ని "ప్రభువా, ప్రభువా" అని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. కొంగు జంపఖానా మీద ఆనించి మళ్లీ తుడుచుకుంటోంది. మా సంఘంలో అంత పశ్చాత్తాపం పాస్టరుగారు ఎన్నడూ చూసి ఉండరు. ముగించబోయిన ప్రార్థన మళ్లీ అందుకుని, ఊరి పాపాలన్నీ పేరుపేరునా ఒప్పుకోవడం మొదలుపెట్టారు. నా కళ్లల్లోనూ ధారలే. నాకు మాత్రం పాపాలేమీ గుర్తుకు రావడంలేదు.

ప్రార్థన మధ్యలో మా అత్తగారి గొంతు లేచింది. "అమ్మాయ్, దీన్ని యాడ ఆరేశావే?"

"కళ్లంలో," అన్నాను.

మూలనున్న మగ్గం మామ, "ఇంకేం, నేను గుడ్డ నేస్తే నువ్వు కారం నేశావు!" అన్నాడు. పాస్టరుగారు ఆమెన్ అనబోయి గట్టిగా తుమ్మారు. దాంతో నవ్వు మొదలైంది. నవ్వితే లేచే కోరుకు దగ్గు, దగ్గుతో ఇంకా నవ్వు.

"తప్పు నాదే. అందరూ బావి దగ్గరికి పదండి, కళ్లు కడుక్కుందురు," అన్నాను. చెప్పినంత తేలిగ్గా లేదు. కళ్లు తెరిస్తే మంట. పిన్ని తలుపనుకుని గూట్లో చెయ్యి పెట్టింది. ఒకాయన స్తంభానికి గుద్దుకున్నాడు. చూపున్న మేమంతా గోడలు తడుముకుంటుంటే, మా అత్తగారు తిన్నగా లేచి గడప దగ్గరికి నడిచి, పేలిక అందుకున్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, యాడున్నావురా?"

"ఇక్కడే అమ్మా," అన్నారు మా ఆయన. రెండు కళ్లూ మూసుకుని గోడకు అతుక్కుని ఉన్నారు.

"నా భుజం పట్టుకో. కాళ్లు ఈడ్చమాక, గడపుంది."

కుక్క ముందు, దాని వెనక ఆమె, ఆమె భుజం మీద చెయ్యేసి మా ఆయన, ఆయన చొక్కా పట్టుకుని పాస్టరుగారు, తర్వాత మేమంతా. బావి పక్క పాచి పట్టిన బండ దగ్గర కుక్క ఆగింది. "ఈడ జారుద్ది, చుట్టు తిరిగి రండి," అన్నారు మా అత్తగారు. ఎవరూ జారలేదు.

కళ్లు కడుక్కున్నాక నేను లోపలికి వెళ్లి కుట్లు తెంపి, ఆరు పట్టీలూ పట్టుకొచ్చి బావి గట్టు మీద పడేశాను. నేనే ఉతకబోతే పిన్ని ఒక పట్టీ లాక్కుంది. మరో నలుగురు తలొకటి అందుకున్నారు. మూడు నీళ్లు మార్చాం. పొద్దుగూకే లోపల ఆరూ దండెం మీద ఉన్నాయి, ఈసారి కళ్లంలో కాదు. పిన్ని తన చీర ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకున్నది. మా ఆయన కూడా చూస్తున్నారు.

"వెంట్రుక లేదులేరా పంతులూ," అన్నదామె. "వాసనంటావా, ముక్కులో ఇంక ఏ వాసనా తెలిసి చావడంలేదు." తర్వాత గొంతు తగ్గించి నన్ను అడిగింది, "ఒక్క పట్టీ ఉతికితే ఎంతసేపు పడతదే? మా ఇంట్లో మేకపిల్ల లోపలే పడుకుంటంది."

ఆమె ఎదుట నా ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. "వక్క నమిలేంత సేపు," అన్నాను.

శనివారం ఈపూరు నుంచి మా ఆడబిడ్డ భర్త బండి తోలుకుని వచ్చాడు. వాకిట్లో ఎద్దులను నిలిపి, "ఏది బామ్మర్దీ, కుక్క?" అన్నాడు.

మా ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. "అది రాదు బావా. దానికి ఈడ పనుంది."

"పొద్దస్తమానం పడుకునే కుక్కకు పనేంది?"

"అమ్మతో వాగు దాటి పోయింది. కూర్చో, మజ్జిగ తాగి పో."

వాళ్లు మజ్జిగ తాగుతుండగానే మా అత్తగారూ కుక్కా తిరిగొచ్చారు. వాకిట్లో అడ్డంగా ఉన్న బండి దగ్గర కుక్క ఆగింది. మా అత్తగారు బండి చక్రం తడిమి చూసి, అక్కడే నిలబడిపోయారు. పేలికను చేతికి రెండు చుట్లు చుట్టుకున్నారు. మా ఆయన లేచి వెళ్లి, ఎద్దుల ముకుతాళ్లు పట్టుకుని బండిని వెనక్కి నెట్టి దారిచ్చారు. "రా అమ్మా," అన్నారు. ఆమె లోపలికి వచ్చారు.

వాగులో తడిసిన కాళ్లతో కుక్క నేరుగా జంపఖానా ఎక్కి, రెండుసార్లు తిరిగి, పడుకుంది. తెల్ల పట్టీ మీద నల్లమన్ను నాలుగు అడుగులు. మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతుంటే, మా ఆయన ఆ పట్టీ కుట్లు తనే లాగేసి, భుజాన వేసుకుని బావి దగ్గరికి వెళ్లారు. చాలాసేపు ఉతికారు. పిండడం మాత్రం సరిగ్గా చేతకాలేదు, నీళ్లు కారుతూనే ఉంటే నేను మళ్లీ పిండాను.